పల్లం మూలకు లాబ్‌లాలీ బే

అక్టోబర్ వచ్చేసింది. కరివేపాకు కుండీలను ఇంట్లోకి చేర్చే హడావిడిలో ఉండి ఉంటారు. అది అయ్యాక పెరట్లో వాన నీళ్లు నిలిచే పల్లం వైపు ఒకసారి చూడండి, వంగ వేసి వేరుకుళ్లుతో పోగొట్టుకున్న చోటు. కరోలినాలు, జార్జియా, ఫ్లోరిడాల్లో ఉన్న మనవాళ్లకు ఆ మూలకు తగిన చెట్టు అక్కడి తీరప్రాంత చిత్తడి అడవుల్లోనే ఉంది. దాని పేరు లాబ్‌లాలీ బే. తేయాకు కుటుంబానిది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది.

లాబ్‌లాలీ అంటే ఒకప్పుడు ఓడల్లో నావికులు తాగిన చిక్కటి జావ. తర్వాత అమెరికా దక్షిణాదిలో బురదగుంటకు ఆ పేరు పడింది. సాగు సలహా సగం ఆ పేరులోనే ఉంది.

వేసవిలో పూస్తుంది. అయిదు తెల్ల రేకులు, నడుమ పసుపు కేసరాల గుత్తి. పొన్నపువ్వు ఎరిగినవాళ్లకు వేరే పోలిక అక్కర్లేదు. ముదురాకులు ఒక్కోటీ ఎర్రబడి రాలుతాయి. పచ్చటి కొమ్మలో అక్కడో ఎర్రాకు, ఇక్కడో ఎర్రాకు కనిపిస్తే తెగులనుకుని మందు కొట్టకండి.

తీరం దగ్గర ఉన్నవాళ్లు మొక్కను ఇప్పుడే నాటొచ్చు. అట్లాంటా, షార్లెట్ వైపు చలి ఎక్కువ కాబట్టి మార్చి దాకా ఆగడం మేలు. గుంత లోతు వేరుముద్దంతే, వెడల్పు మాత్రం రెండింతలు. వేర్లు పైపైనే పాకుతాయి, అందుకే పాదులో పైన్ ఆకులు మూడంగుళాల మందాన పరవండి. మొదలుకు మాత్రం తగలనివ్వకండి. నేల పుల్లగా ఉండాలి. కట్టెల బూడిద, గుడ్డు పెంకుల పొడి వేసే అలవాటు ఇక్కడ మానుకోవాలి. సున్నం దీనికి పడదు.

నా మొదటి మొక్కను అందంగా ఉంటుందని డ్రైవ్‌వే పక్కన మెరకలో పెట్టాను. రెండో వేసవి దాటలేదు. ఈ చెట్టుకు నీటి ఎద్దడి చలికన్నా పెద్ద శత్రువు.

నర్సరీలో స్వీట్‌బే మాగ్నోలియాను చూసి ఇదే అనుకునేరు. ఆకు తిప్పండి. అడుగు వెండిలా తెల్లగా ఉంటే అది మాగ్నోలియా. అంచున సన్నటి రంపపు పళ్లు తగిలి, నలిపినా వాసన రాకపోతే మీకు కావలసింది అదే.

గింజల నుంచి పెంచుకోవాలనుకుంటే, లాబ్‌లాలీ బే ఎండుకాయలు ఇప్పుడు పగులుతుంటాయి. రెక్కల గింజలు గాలికి పోకముందే కోసి, తడి పీట్ మీద చల్లండి. పైన మట్టి కప్పొద్దు.