అబూ యూసుఫ్ చదువు ఆగలేదు, మన పిల్లల చదువు ఎందుకు ఆగాలి?

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్లలో ప్రతి ఏటా ఒకే మాట వినబడుతుంది: "సీటు వస్తే వస్తుంది, మరి ఫీజో?" రాజమండ్రిలో ఆటో నడిపే తండ్రి అయినా, భీమవరంలో కుట్టుమిషను మీద బతికే తల్లి అయినా, అమలాపురంలో చిన్న కొట్టు పెట్టుకున్న అన్నయ్య అయినా అడిగేది ఇదే. జవాబు దొరకని ఇంట్లో పిల్లవాడు మెకానిక్ షెడ్డుకు వెళతాడు. ఆడపిల్ల అయితే ఇంట్లోనే కూర్చుంటుంది.

విద్య ఎంత గొప్పదో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై అవతరించిన మొట్టమొదటి ఆజ్ఞే చదవమన్నది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో సొమ్ము చెల్లించలేని అక్షరాస్యులకు మదీనా పిల్లలకు చదువు చెప్పడమే విడుదల పరిహారంగా నిర్ణయించారు. ఇవన్నీ మనం ప్రసంగాలలో విన్నవే. అయితే ఆ చదువుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి, ఎలా భరించాలి అన్నది మాత్రం మనం కూర్చుని మాట్లాడుకోవడం తక్కువ. ఈ నెల పాఠంలో ఆ సంగతే చూద్దాం.

ఒక గురువు గమనించిన విషయం

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దగ్గర కూఫాలో ఒక పేద యువకుడు చదువుకునేవాడు. ఇల్లు గడవక ఇంటివాళ్లు అతన్ని చదువు మాన్పించి పనిలో పెట్టాలనుకున్నారు. అతను కొన్నాళ్లు పాఠానికి రాలేదు. చరిత్ర గ్రంథాలు చెప్పే దాని ప్రకారం ఇమామ్ సాహెబ్ ఆ ఖాళీ స్థలాన్ని గమనించి, వచ్చినప్పుడు కారణం అడిగారు. అందరూ వెళ్లిపోయిన తర్వాత ఒక సంచి చేతిలో పెట్టారు. అందులో నూరు దిర్హములు ఉన్నాయి. అయిపోతే చెప్పమన్నారు. కాని ఆ యువకుడు చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు, అడగక ముందే మళ్లీ అందుతూ వచ్చింది. ఆ యువకుడే తర్వాతి కాలంలో హారూన్ రషీద్ పాలనలో ప్రధాన న్యాయాధిపతి అయిన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై).

ఇందులో మూడు పాఠాలున్నాయి. ఒకటి, పిల్లవాడు రావడం లేదని ఎవరో ఒకరు గమనించారు. రెండు, నలుగురిలో అడిగి సిగ్గుపరచలేదు. మూడు, సాయం సమయానికి, అడగకముందే అందింది. ఈ మూడింటినీ గుర్తుంచుకుని మన ఊళ్ల సంగతికి వద్దాం.

ముందు లెక్క వేయండి

ఫీజు అనగానే చాలామంది కాలేజీ చెప్పే ట్యూషన్ ఫీజునే లెక్కిస్తారు. అసలు ఖర్చులో అది ఒక భాగం మాత్రమే. హాస్టలు, మెస్సు, బస్సు పాసు, పరీక్ష ఫీజు, పుస్తకాలు, రికార్డులు, ప్రాజెక్టు ఖర్చు వేరు. మెస్సుకు నెలకు 4,000 రూపాయలు అనుకున్నా పది నెలలకు 40,000 అవుతుంది. నాలుగేళ్ల కోర్సుకు అదే 1,60,000. కాబట్టి సీటు ఎంచుకునే ముందే తల్లి, తండ్రి, చదివే బిడ్డ ముగ్గురూ కూర్చుని కాగితం మీద మొత్తం ఖర్చు వేయాలి.

అలా వేసినప్పుడు దగ్గరలో ఉన్న ప్రభుత్వ సంస్థల విలువ తెలుస్తుంది. రాజమండ్రిలో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కాకినాడలో 1946 నాటి ఇంజనీరింగ్ కళాశాల 2008లో జె.ఎన్.టి.యు. కాకినాడగా విశ్వవిద్యాలయమైంది. పదో తరగతి మార్కులతో ఆరేళ్ల చదువులో చేర్చుకునే ట్రిపుల్ ఐటీ 2008 నుంచి నూజివీడులో ఉన్నది. 2015లో తాడేపల్లిగూడెంకు ఎన్.ఐ.టి. వచ్చింది. ఎన్.ఐ.టి.లలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగాను, లక్ష నుంచి అయిదు లక్షల వరకు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ చేయాలని 2016లో నిర్ణయించారు. ఈ సంగతి తెలియక, ఫీజు అంకె చూసి భయపడి దరఖాస్తే పెట్టని వారున్నారు.

ప్రభుత్వ సాయం ఎక్కడ, ఎలా?

రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి మైనారిటీ విద్యార్థులకు కూడా వర్తించింది. 2019లో దీనినే జగనన్న విద్యా దీవెనగా మార్చి, 2021 నుంచి సొమ్మును తల్లుల ఖాతాలలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక తిరిగి కళాశాలలకే నేరుగా చెల్లించాలని నిర్ణయించారు. పేర్లు మారుతుంటాయి, చెల్లించే దారి మారుతుంటుంది. కాబట్టి చేరే ఏడాది నిబంధనలేమిటో కళాశాలలోను, జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలోను అడిగి తెలుసుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఈఏపీసెట్ కౌన్సెలింగులో కన్వీనర్ కోటా కింద వచ్చిన సీటుకే ఈ సాయం వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటా సీటుకు వర్తించదు. "ముందు చేరండి, తర్వాత చూద్దాం" అనే మాట నమ్మి మేనేజ్‌మెంట్ సీటులో చేరితే నాలుగేళ్ల ఫీజూ మీదే. 2019 నాటి నిబంధనలలో కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు మించకూడదని, హాజరు 75 శాతం ఉండాలని పెట్టారు. ఆదాయ ధృవపత్రం, కుల ధృవపత్రం, ఆధార్ తో ముడిపడిన బ్యాంకు ఖాతా ఫలితాలకు ముందే సిద్ధం చేసుకోవాలి. మూడింటిలోను పేరు ఒకే విధంగా ఉండాలి. ఒక దానిలో "షేక్", మరొక దానిలో "షైక్", ఇంకొక దానిలో ఇంటిపేరే లేకపోవడం మన ఇళ్లలో మామూలే. దరఖాస్తులు ఆగిపోయేది ఇలాంటి చిన్న తేడాల దగ్గరే.

2007 చట్టం ప్రకారం షేక్ తో సహా పద్నాలుగు ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఇది కొనసాగుతున్నది. దూదేకుల, నూర్‌బాషా వారు బి.సి.-బి లోకి వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వర్గాలు బి.సి.-ఇ లో లేవు, అర్హత గల కుటుంబాలు 2019లో వచ్చిన ఇ.డబ్ల్యు.ఎస్. ధృవపత్రం తీసుకోవచ్చు.

ఇవి కాక సాంకేతిక డిగ్రీ, డిప్లొమా చదివే ఆడపిల్లలకు ఎ.ఐ.సి.టి.ఇ. వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఉన్నది. ఏడాదికి 50,000 రూపాయలు, ఒక కుటుంబం నుంచి ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి. ఆడపిల్లను దూరం పంపడమా, ఖర్చు పెట్టడమా అని వెనకాడే తల్లిదండ్రులు ఈ ఒక్క దరఖాస్తు అయినా పెట్టి చూడాలి.

ఫోన్లలో తిరిగే పాత జాబితాలను మాత్రం నమ్మకండి. పరిశోధక విద్యార్థులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో నిలిపివేశారు. విదేశీ చదువుల అప్పుపై వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పర్‌దేశ్ పథకం కూడా 2022లో ఆగిపోయింది. లేని పథకం కోసం తిరిగి, ఉన్నదాని గడువు పోగొట్టుకోవడం పెద్ద నష్టం.

కాలువ శివారు పొలం

మన గోదావరి రైతులకు ఒక సంగతి తెలుసు. ధవళేశ్వరం దగ్గర నీరు వదిలినంత మాత్రాన శివారు పొలం తడవదు. నీరు అక్కడికి చేరేసరికి నారు ఎండిపోవచ్చు. ఫీజు సాయం కూడా అంతే. మంజూరు అవుతుంది, కాని సొమ్ము వచ్చేది ఎప్పుడో. ఈలోగా పరీక్ష ఫీజు గడువు వస్తుంది, మెస్సు బిల్లు వస్తుంది, బకాయి కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామనే మాటా వస్తుంది. అసలు సర్టిఫికెట్లు కళాశాలలు తమ వద్ద ఉంచుకోరాదని, గడువు లోపల సీటు వదులుకుంటే ఫీజు తిరిగి ఇవ్వాలని 2018 అక్టోబరులో యు.జి.సి. ప్రకటించింది. ఈ హక్కు తెలిసి ఉంటే మర్యాదగా, లిఖితపూర్వకంగా అడగవచ్చు.

అయినా ఆ మధ్య నెలల లోటు మిగిలే ఉంటుంది. చదువు తెగిపోయేది తరచుగా ఈ ఇరవై, ముప్ఫై వేల దగ్గరే. వడ్డీ మన గుమ్మం తొక్కేది కూడా అక్కడే.

వడ్డీ సంగతి

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 30,000 తెచ్చి పది నెలలు ఉంచితే వడ్డీయే 9,000 అవుతుంది. బ్యాంకు విద్యా రుణం ఇంత భారం కాదు, నిజమే. అయినా ఏడాది మొదట్లో లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుని, నూటికి ఏడాదికి పది సాధారణ వడ్డీ అనుకుంటే, చదువు పూర్తయిన ఏడాదికి నాలుగు లక్షల అప్పు మీద 1,40,000 వడ్డీ పేరుకుంటుంది. 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన సంస్థలలో చదివేవారికి హామీ లేకుండా రుణం, ఆదాయాన్ని బట్టి వడ్డీలో రాయితీ ఉన్నాయి. రాయితీ వల్ల భారం తగ్గుతుంది, ఒప్పందంలోని వడ్డీ మాత్రం వడ్డీయే.

దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో వడ్డీని ఎంత తీవ్రంగా నిషేధించిందో మనకు తెలుసు. మరే దారీ లేని వారి పరిస్థితి ఏమిటన్నది పత్రికలో తేల్చే విషయం కాదు. వారు తమ పరిస్థితి పూర్తిగా వివరించి నమ్మకమైన ముఫ్తీ సాహెబ్‌ను అడగాలి. కాని మన ప్రశ్న మరొకటి. మహల్లాలో జకాత్ చెల్లించేవారు ఉండగా ఒక బిడ్డ వడ్డీ గుమ్మం దాకా వెళ్లవలసి రావడమేమిటి? వడ్డీ హరామ్ అని మింబరు మీద చెప్పే సమాజం, వడ్డీ లేని దారిని కూడా చూపించాలి కదా!

జకాత్, ఖర్జె హసనా

తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొనడం జరిగింది. నిరుపేదలు, అక్కరగలవారు, అప్పుల పాలైనవారు అందులో ఉన్నారు. పేద విద్యార్థి ఈ అర్హతతోనే జకాత్ పొందుతాడు. కన్న బిడ్డలకు జకాత్ ఇవ్వరాదు గాని, పేదవారైతే అన్న బిడ్డకు, చెల్లెలి బిడ్డకు ఇవ్వవచ్చు. అందులో దానం, బంధుత్వ హక్కు రెండూ నెరవేరుతాయి. సయ్యద్ వంశీయులకు జకాత్ కాక ఇతర విరాళాల నుంచి సాయపడాలి. రమజాన్ నెలలో వందా రెండు వందలుగా పంచే జకాత్‌లో కొంత భాగమైనా ఒక విద్యార్థి ఏడాది ఖర్చుకు కేటాయిస్తే, కొన్నేళ్లకు ఆ కుటుంబమే జకాత్ ఇచ్చే స్థాయికి రావచ్చు.

ఫీజు సాయం రావలసి ఉండి ఆలస్యమైన విద్యార్థికి కావలసింది దానం కాదు, ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు. జకాత్ సొమ్ము అర్హునికి సొంతం చేయవలసినది గనుక దానిని తిరిగి వసూలు చేసే అప్పుగా తిప్పకూడదని చాలామంది ఉలమా చెబుతారు. కాబట్టి ఈ నిధిని విడిగా, స్వచ్ఛంద విరాళాలతో ఏర్పాటు చేసుకోవాలి. ఇరవై ఇళ్లవారు నెలకు 500 చొప్పున వేస్తే ఏడాదికి 1,20,000 అవుతుంది. తలకు 30,000 చొప్పున నలుగురు విద్యార్థుల లోటు దానితో తీరుతుంది. వారు తిరిగి చెల్లిస్తే అదే సొమ్ము మరుసటి ఏడాది మరో నలుగురికి అందుతుంది.

మస్జిద్ కమిటీలకు మా మనవి

1. మహల్లాలో ఇంటర్, డిగ్రీ, డిప్లొమా, ఇంజనీరింగ్ చదివేవారి పేర్లు, వారు ఏ సంవత్సరంలో ఉన్నారో ఒక పుస్తకంలో రాయండి. ఎవరు మానేశారో అప్పుడే తెలుస్తుంది.

2. ఫలితాల నెలలో ఒక జుమా తర్వాత, చదువుకున్న యువకులు ఇద్దరిని కూర్చోబెట్టి ధృవపత్రాలు, దరఖాస్తులు సరిచూడండి. తల్లులు, ఆడపిల్లలు వచ్చి అడిగే వీలు కూడా కల్పించండి.

3. ఖర్జె హసనాకు ఇద్దరు సాక్షులతో పత్రం రాయించండి. అప్పును రాసుకోమని బఖరా సూరా 282వ ఆయత్ ఆజ్ఞాపిస్తున్నది. నిజంగా ఇబ్బందిలో ఉన్నవారికి గడువు ఇవ్వమని 280వ ఆయత్ బోధిస్తున్నది. రెండూ పాటించండి.

4. సాయం పొందినవారి పేర్లు మైకులో చదవకండి, సభ పెట్టి ఫోటోలు తీయకండి.

విద్యార్థులకూ ఒక మాట. తీసుకున్నది అప్పయితే అది అమానతు. అమరవీరునికి కూడా అప్పు మాత్రం మన్నించబడదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మొదటి జీతం రాగానే తిరిగి చెల్లించండి. మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా మీ వెనుక ఉన్న తమ్ముడి పరీక్ష ఫీజు ఆగుతుంది. హాజరు తగ్గనివ్వకండి, దానితోనే సాయం ముడిపడి ఉన్నది.

సోదర సోదరీమణులారా! ఈ జుమా నాడు మీ వీధిలో ఒక్క ఇంటి గురించి ఆలోచించండి. ఆ ఇంట్లో చదువుతున్న బిడ్డ ఈ నెల కాలేజీకి వెళుతున్నాడా? వెళ్లకపోతే కారణమేమిటి? నలుగురి ముందు కాదు, ఒంటరిగా, ప్రేమగా అడగండి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) చేసింది అంతే.

మన సంపదలో శుభాన్ని, మన బిడ్డల చదువులో ప్రయోజనాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! వడ్డీ నుంచి మన ఇళ్లను కాపాడుగాక! ఆమీన్.