మునిగిన పంపుసెట్టు నేర్పిన పాఠం

(బి.ఎస్సీ. విద్యార్థి, మునగాల)

ఈ వ్యాసంలో కొత్త సిద్ధాంతమేదీ లేదు. సెంట్రిఫ్యూగల్ ఫోర్సు గురించి ల్యాబు రికార్డులో నాలుగు పేజీలు రాసి సంతకం పెట్టించుకున్నవాణ్ణి, అదే ఫోర్సుతో నడిచే మా పంపు ముందు కూర్చోబెడితే నట్టు ఎటు తిప్పాలో తెలియక తెల్లమొహం వేశాను. ఆ తర్వాత ఆరు రోజుల్లో నేర్చుకున్నదే ఇది. మన కాలేజీలో సగం మందిమి రైతుబిడ్డలమే కనుక ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మునగాల దగ్గర పల్లెటూరు, మూడెకరాల వరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటినుంచి ఎడమ కాలువ, అంటే లాల్‌బహదూర్ కాలువే మా ప్రాంతానికి ఆధారం. అయితే మా పొలం చివరి భూమి. కాలువ నీళ్లు అందనప్పుడు పక్కనున్న వాగులోంచి తోడుకోవడానికి నాయిన ఐదు హార్స్‌పవర్ల డీజిలు ఇంజను, పంపు పెట్టుకున్నాడు.

2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన మర్నాడు కూడా వదలలేదు. కోదాడ ప్రాంతమంతా నీళ్ల పాలైంది. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. వాగు పొంగుతున్నదని తెలిసి నాయిన, చిన్నాయిన, మరో ఇద్దరు కలిసి చీకట్లోనే ఇంజను విప్పి గట్టుమీదికి మోసుకొచ్చారు. పంపు బోల్టులు తుప్పుపట్టి రాలేదు. అది అక్కడే మునిగింది.

వాగు తీసేశాక చూస్తే అరెకరం మీద ఇసుక మేట. మిగిలిన రెండున్నర ఎకరాలు బతికింది. కానీ గండి పడ్డాక మా తూముకు నీళ్లు రాలేదు. వాన కూడా మొహం చాటేసింది. మూడో వారానికి మడి నెర్రెలిచ్చింది. పక్కన వాగులో నీళ్లున్నాయి, మా పంపు మాత్రం బిగుసుకుపోయి ఉంది. కోదాడలో మెకానిక్ షాపు ముందు మునిగిన మోటార్లు బారు కట్టి ఉన్నాయి. "పది రోజులన్నా పడతది" అన్నాడాయన. పది రోజులు ఆగితే నాట్లకు తెచ్చిన అప్పే మిగులుతుంది.

"నేను విప్పి చూస్తా నాయినా" అన్నాను.

"చదువుకునేటోనివి, నీకెందుకురా? ఉన్నది కూడా పాడైతే?" అన్నాడు. కాసేపు ఊరుకొని పానాల సంచి తెచ్చి నా ముందు పెట్టాడు.

విప్పడం

మొదటి నియమం: విప్పిన వరుస గుర్తుండాలి. గోనెపట్టా పరిచి, తీసిన ప్రతి ముక్కనూ తీసిన వరుసలోనే పెట్టాను. సెల్‌ఫోనులో ఫోటోలు కూడా తీసుకున్నాను.

పంపు లోపలి పంకాను షాఫ్టు చివరన ఒక నట్టు పట్టి ఉంచుతుంది. అది ఎంతకీ రాలేదు. ఇంకో పైపు తొడిగి బలం పెట్టబోయి ఆగాను. షాఫ్టు తిరిగేటప్పుడు నీళ్లు పంకాను వెనక్కి తోస్తాయి. ఆ తోపుకు నట్టు ఊడిపోకుండా ఇంకా బిగుసుకునేటట్టు మర కోసి ఉంటారు. కాబట్టి షాఫ్టు కదలకుండా పట్టుకొని, షాఫ్టు తిరిగే దిశలోనే నట్టును తిప్పితే వదులవుతుంది. పంపు ఒంటిమీద బాణం గుర్తు చూశాను. అప్పటిదాకా నేను తిప్పింది బిగించే వైపుకే! రాత్రంతా డీజిలు పోసి నానబెట్టి, పొద్దున సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి తిప్పితే కదిలింది.

బేరింగు

రెండు బేరింగుల్లోకీ ఒండ్రు పోయింది. వాటి అంచుమీద 6306 అని ఉంది. ఈ అంకెలకు అర్థం ఉంది. మొదటి 6 అంటే ఒక వరుస గుండ్లున్న మామూలు బాల్‌బేరింగు. 3 దాని కొలతల శ్రేణి. చివరి 06ను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క సరిపోతుంది. నంబరు చెబితే ఏ కంపెనీదైనా అదే కొలతలో దొరుకుతుంది.

ఇక్కడ నా మొదటి తప్పు. కొత్త బేరింగును షాఫ్టుమీద పెట్టి, బయటి చుట్టుమీద సుత్తితో కొట్టి ఎక్కించాను. ఎక్కింది. చేత్తో తిప్పితే గరగరమన్నది. బయటి చుట్టుమీద పడిన దెబ్బ గుండ్ల గుండా లోపలి చుట్టుకు పోయి, గుండ్లు తిరిగే దారిలో చిన్న చిన్న గుంటలు పడ్డాయి. నాలుగు వందలు మట్టిలో కలిశాయి. నాయిన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

షాఫ్టుమీదికి ఎక్కించేటప్పుడు లోపలి చుట్టుమీదనే బలం పడాలి. అంతకంటె మంచి పద్ధతి వేడిచేయడం. ఉక్కు ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల్లో సుమారు పన్నెండు వంతులు పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 70 డిగ్రీలు ఎక్కువ వేడిచేస్తే పెరిగేది మిల్లీమీటరులో నలభయ్యో వంతు. కంటికి కనబడదు గాని బేరింగుకు అదే చాలు. మరీ వేడెక్కితే దాని గట్టితనం పోతుంది. అందుకని మరిగే నీళ్ల గిన్నెలో నూనె గిన్నె పెట్టి, ఆ నూనెలో బేరింగు వేశాను. నీళ్లు మరుగుతున్నంతసేపు వేడి నూరు డిగ్రీలు దాటదు గదా! అమ్మ బూరెల మూకుడు ఇచ్చి, "ఇక ఇది మళ్లీ నా వంటింట్లోకి రానియ్యను" అన్నది. ఇరవై నిమిషాలయ్యాక గుడ్డతో పట్టుకొని షాఫ్టుమీద పెడితే బేరింగు జారి తన చోట కూర్చుంది. ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

కప్లింగు

ఇంజనును కిందికి మోసుకొచ్చి మళ్లీ పంపుతో జత చేయాలి. రెండు షాఫ్టులూ ఒకే గీతలో ఉండాలి. మధ్యలో రబ్బరు బుష్షులున్నాయి కదా, కొంచెం తేడాను అవే ఓర్చుకుంటాయనుకున్నాను. బోల్టులు బిగించి చేత్తో తిప్పితే ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఇంజను నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. ఆ వంకర సెకనుకు 25 సార్లు కొత్త బేరింగులను గుద్దుతుంది.

రెండు పరీక్షలు చేయాలి. ఒకటి: స్టీలు స్కేలును కప్లింగు రెండు సగాలమీద అడ్డంగా పెట్టి పైన, కింద, రెండు పక్కలా చూడాలి. ఎక్కడా సందు కనబడకూడదు. రెండు: రెండు సగాల మధ్య ఎడం నాలుగు వైపులా ఒకటిగా ఉండాలి. ఎడం కొలవడానికి నా దగ్గర గేజి లేదు. హ్యాక్సా బ్లేడు ముక్కలనే లెక్కపెట్టి దూర్చి చూశాను. ఇంజను ఒక కాలు కిందికి ఉన్నట్టు తేలింది. ఆయిలు డబ్బా రేకు కత్తిరించి ఆ కాలికింద మూడు ముక్కలు వేశాను. బిగించగానే ఇంకో వైపు మారింది. మళ్లీ విప్పాను. ఇట్లా సాయంత్రందాకా పదకొండుసార్లు జరిగింది. ఈ పనిలో తెలివికంటె ఓపిక ఎక్కువ కావాలి.

నీళ్లు పట్టించడం

పంపు నీటిని పీల్చుకుంటుందని అంటాం గాని, నిజానికి నీటిని పైకి తోసేది వాతావరణ పీడనం. పంపు తన నోటి దగ్గర ఒత్తిడి తగ్గిస్తుంది, బయటి గాలి నీటిని పైపులోకి నెడుతుంది. గాలి మోయగలిగేది లెక్కప్రకారం 10.3 మీటర్ల నీరు. ఆచరణలో ఆరేడు మీటర్లు మించదు. అందుకే పంపు నీటికి దగ్గరగా ఉండాలి.

మరి పంపులో ముందుగా నీళ్లు ఎందుకు నింపాలి? పంకా పుట్టించే ఒత్తిడి దానిలో ఉన్న పదార్థం సాంద్రతనుబట్టి ఉంటుంది. నీటిని 16 మీటర్లు ఎత్తగల పంపు, గాలితో నిండి ఉంటే 16 మీటర్ల గాలికి సరిపోయే ఒత్తిడే పుట్టిస్తుంది. గాలి నీటికంటె సుమారు 800 రెట్లు తేలిక. కాబట్టి ఆ ఒత్తిడి రెండు సెంటీమీటర్ల నీటికి సమానం. మాకు వాగు నీరు మూడు మీటర్ల కింద ఉంది! అందుకే ఫుట్‌వాల్వు కారకూడదు. విప్పి చూస్తే దాని తోలుకింద చిన్న పుల్ల ఇరుక్కుని ఉంది. తీసేసి, పంపు నిండా నీళ్లు పోశాం.

గ్లాండు

ఆరో రోజు పొద్దున నాయిన హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది, పైపులోంచి నీళ్లు దూకాయి. నా ఆనందం రెండు నిమిషాలే. షాఫ్టు పంపులోకి పోయేచోట పొగ! పరుగెత్తి ఇంజను ఆపాను.

షాఫ్టు పక్కనుంచి నీళ్లు కారకుండా అక్కడ గ్రాఫైటు పట్టించిన తాడును చుట్లుగా వేసి, గ్లాండుతో నొక్కుతారు. చుట్ల అతుకులు ఏటవాలుగా కోసి, ఒకదానిమీద ఒకటి రాకుండా పక్కపక్కకు జరిపి పెట్టాను. అదంతా సరిగానే ఉంది. ఒక్క చుక్క కూడా కారకూడదని పానాతో గట్టిగా బిగించాను. అదే నా రెండో తప్పు. 30 మిల్లీమీటర్ల షాఫ్టు ఉపరితలం సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు వేగంతో తాడుకు రాసుకుంటుంది. ఆ వేడిని మోసుకుపోయేది కారే చుక్కే. చుక్క ఆగితే తాడు కాలుతుంది, షాఫ్టు అరుగుతుంది.

లాంచీ వంటి పడవల్లోనూ ఇదే సమస్య. ఇంజను లోపల, పంకా బయట నీటిలో ఉంటుంది. షాఫ్టు అడుగుభాగం దాటి బయటికి పోయేచోట పాత పద్ధతి పడవల్లో ఇదే తాడు, ఇదే గ్లాండు. పడవలోకి నీళ్లు రాకూడదని ఎవరికుండదు? అయినా షాఫ్టు తిరిగేటప్పుడు అక్కడ కొద్ది చుక్కలు పడనిస్తారు.

కాలిన తాడు తీసి కొత్తది వేశాను. ఈసారి నట్లను వేళ్లతో మాత్రమే బిగించి ఇంజను నడిపాం. ధారగా కారింది. రెండు వైపులా సమంగా, కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారి ఐదు నిమిషాలు ఆగి, సెకనుకు ఒక చుక్కదాకా తెచ్చాను. గ్లాండుమీద చెయ్యి పెడితే చల్లగా ఉంది.

రెండున్నర ఎకరాలు తడవడానికి ఆ పగలూ రాత్రీ పట్టింది. నాయిన పంపు పక్కనే కూర్చున్నాడు. రాత్రి రెండింటికి నన్ను లేపి, "ఇంకా కారుతుందిరా, కొంచెం బిగించనా?" అన్నాడు. "కారనీ నాయినా, కారాలె" అన్నాను. మళ్లీ అడగలేదు.

చివరిగా ఒక నిజం చెప్పాలి. నెల తర్వాత మెకానిక్ వచ్చి చూసి, "షాఫ్టుమీద రబ్బరు వాషరేదీ?" అన్నాడు. గ్లాండులోంచి కారిన నీళ్లు బేరింగువైపు పోకుండా విసిరికొట్టేది అదే. గోనెపట్టామీద మిగిలిపోయిన ఆ ముక్కను పనికిరానిదనుకొని పక్కన పారేశాను. ఆయన కొత్తది వేసి డబ్బులు తీసుకోలేదు. మిగిలిన ముక్కంటే మనకు అర్థంకాని ముక్క అని అప్పుడు తెలిసింది.

మా మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి ప్రాణం పోసి, చరిత్రతోపాటు శాస్త్రగ్రంథాలనూ తెలుగులో అచ్చువేయించారు. శాస్త్రం మన మాటలో మన ఇంటికి రావాలని ఆనాటి వారి తపన. మనం చదివే సూత్రాలు మన పొలంగట్టుమీదనే పడి ఉన్నాయి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒకసారి పానా పట్టి చూడండి. అయితే ఇంజను ఆపి పట్టండి, విప్పిన ముక్క ఒక్కటి కూడా పారేయకండి.