క్లోమం పక్కకే వెళ్లి చూసే అల్ట్రాసౌండ్

కోల్‌కతాలో హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న గార్డెన్ రీచ్ తెలుగువాళ్లకు కొత్త పేరేమీ కాదు. ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకూ, తర్వాత ఆగ్నేయ రైల్వేకూ ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ దస్త్రాలన్నీ అక్కడికే వెళ్లేవి. అదే ఒడ్డున గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అండ్ ఇంజినీర్స్ అనే ఓడల కర్మాగారం ఉంది. అక్కడ కట్టిన ఐఎన్‌ఎస్ కమోర్తా 2014 ఆగస్టులో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరింది. జలాంతర్గాములను వెతికి పట్టుకోవడం దాని ముఖ్యమైన పని. నీటి అడుగున ఉన్నదాన్ని కంటితో చూడలేం కాబట్టి అది శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఓడ గోడల వెల్డింగ్ అతుకుల్లో పగుళ్లున్నాయేమో చూడటానికి కూడా ఓడల కర్మాగారాల్లో శబ్దాన్నే వాడతారు. ఆ శబ్దం పౌనఃపున్యం సెకనుకు కొన్ని పదుల లక్షల కంపనాలు, అంటే కొన్ని మెగాహెర్ట్జ్. కడుపు స్కానింగులో వాడేది కూడా దాదాపు ఇంతే.

మన పొట్టలో జలాంతర్గామిలా దాక్కున్న అవయవం ఒకటుంది. అదే క్లోమం. వాడుకలో పాంక్రియాస్ అంటాం. సుమారు 15 సెంటీమీటర్ల పొడవుండే ఈ గ్రంథి జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని తల చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం ఒంపులో ఇమిడి ఉంటే, తోక ఎడమవైపు ప్లీహం దాకా సాగుతుంది. ఇన్సులిన్ తయారయ్యేది ఇక్కడే. రోజుకు లీటరుకు పైగా జీర్ణరసం ఊరేదీ ఇక్కడే. ఇంత పని చేసే అవయవమే అయినా జబ్బు పడితే చాలాకాలం బయటపడదు. చేత్తో నొక్కితే తెలియదు. మామూలు ఎండోస్కోపీ గొట్టం దాని పక్కనుంచే వెళ్లినా, కెమెరాకు కనిపించేది జీర్ణాశయం లోపలి పొర ఒక్కటే. గోడకు అవతల ఏముందో కెమెరా చూపలేదు.

మరి పొట్ట మీద జెల్ రాసి చేసే మామూలు స్కానింగు చాలదా? చాలాసార్లు చాలదు. ఎందుకో తెలియాలంటే కొంచెం భౌతికశాస్త్రం కావాలి.

ఒక పదార్థంలోంచి మరో పదార్థంలోకి శబ్దం ఎంత దాటుతుందో, ఎంత వెనక్కి వస్తుందో ఆ రెండింటి ధ్వని నిరోధాల మధ్య తేడాను బట్టి ఉంటుంది. సాంద్రతను శబ్దవేగంతో గుణిస్తే వచ్చేదే ధ్వని నిరోధం. కండ, కాలేయం, రక్తం, నీరు, వీటి నిరోధాలు ఇంచుమించు ఒకటే. అందుకే శబ్దం వీటి గుండా హాయిగా సాగిపోతుంది, చిన్న చిన్న తేడాల దగ్గర మాత్రమే కొంత ప్రతిధ్వనిస్తుంది. ఆ ప్రతిధ్వనులతోనే బొమ్మ తయారవుతుంది. గాలి సంగతి వేరు. దాని నిరోధం కణజాలంలో కొన్ని వేల వంతుల్లో ఒకటి. కాబట్టి కణజాలం నుంచి గాలిలోకి వెళ్లబోయిన శబ్దంలో నూటికి 99.9 వంతులు వెనక్కి తిరుగుతుంది. స్కానింగుకు ముందు జెల్ రాసేది చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య గాలి లేకుండా చేయడానికే. కానీ క్లోమానికి ముందున్న జీర్ణాశయంలోనూ పెద్దపేగులోనూ ఉన్న గాలిని ఏ జెల్లూ తీసేయలేదు.

రెండో చిక్కు దూరం. బొమ్మలో చిన్న వివరాలు కనిపించాలంటే తరంగదైర్ఘ్యం తక్కువగా, అంటే పౌనఃపున్యం ఎక్కువగా ఉండాలి. శరీరంలో శబ్దవేగం సెకనుకు 1540 మీటర్లు. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లు, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 0.15 మిల్లీమీటర్లు. 10 మెగాహెర్ట్జ్‌లోనే చూస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ పౌనఃపున్యం పెరిగేకొద్దీ కణజాలం శబ్దాన్ని ఎక్కువగా మింగేస్తుంది. స్థూలంగా ఒక మెగాహెర్ట్జ్‌కు, ఒక సెంటీమీటరుకు అర డెసిబెల్ చొప్పున శబ్దం తగ్గుతుంది. చర్మం నుంచి క్లోమం 10 సెంటీమీటర్ల లోతున ఉందనుకుంటే, శబ్దం వెళ్లి రావాల్సింది 20 సెంటీమీటర్లు. 3.5 మెగాహెర్ట్జ్ శబ్దం 35 డెసిబెల్స్ తగ్గి, సుమారు మూడు వేల వంతుల్లో ఒకటిగా తిరిగొస్తుంది. యంత్రం దాన్ని వినగలదు. 10 మెగాహెర్ట్జ్ శబ్దమైతే 100 డెసిబెల్స్ తగ్గిపోతుంది. అంటే వెయ్యి కోట్ల వంతుల్లో ఒకటి మిగులుతుంది. అది ఇక వినిపించదు.

అదే ప్రోబ్‌ను జీర్ణాశయం లోపలికి తీసుకెళ్లి వెనుక గోడకు ఆనిస్తే? క్లోమం అక్కడి నుంచి రెండు మూడు సెంటీమీటర్లే. 10 మెగాహెర్ట్జ్ శబ్దం కూడా వెయ్యో వంతు మిగిలి తిరిగొస్తుంది. పేగులోని గాలి అడ్డమూ తొలగిపోతుంది. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, క్లుప్తంగా ఈయూఎస్, అనే పద్ధతి అంతా ఈ చిన్న లెక్క మీదే నిలబడి ఉంది.

ఈ ఆలోచన 1980లో పరికరంగా మారింది. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన డిమాగ్నో బృందం, జర్మనీలో స్ట్రోమ్, క్లాసెన్‌ల బృందం ఇంచుమించు ఒకే సమయంలో ఎండోస్కోప్ కొనకు అల్ట్రాసౌండ్ ప్రోబ్ అమర్చి ఫలితాలు ప్రచురించాయి. క్లోమాన్ని దగ్గర నుంచి చూడాలన్నదే ఆ ప్రయత్నాల వెనకున్న ముఖ్య కారణం.

నేటి ఈయూఎస్ గొట్టం కొనన ఒక కెమెరా, దాని పక్కన వేలి కొనంత ప్రోబ్ ఉంటాయి. ప్రోబ్ చుట్టూ సన్నని బుడగ తొడిగి నీళ్లు నింపుతారు, గాలి మధ్యలోకి రాకుండా. ఆరు గంటలు ఏమీ తినకుండా వచ్చిన రోగికి మత్తు ఇచ్చి, ఎడమ పక్కకు పడుకోబెట్టి గొట్టాన్ని నోటి ద్వారా పంపుతారు. జీర్ణాశయం నుంచి క్లోమం నడుమ, తోక కనిపిస్తాయి. ఆంత్రమూలంలోకి దిగితే తల భాగం, దాని గుండా వచ్చే పైత్యరస నాళం కనిపిస్తాయి. డాప్లర్ సాయంతో రక్తనాళాలు ఎటు పోతున్నాయో కూడా తెలుస్తుంది. చూడటం వరకైతే అరగంటలోపే ముగిసే పని.

ఏమేం తెలుస్తాయి? ముందుగా చిన్న కణితులు. రెండు సెంటీమీటర్ల లోపు కణితులను సీటీ స్కాన్ కొన్నిసార్లు పట్టుకోలేదు. ఈయూఎస్ పట్టుకునే అవకాశం ఎక్కువ. క్లోమ క్యాన్సర్‌లో ఇది చిన్న తేడా కాదు. ఆపరేషన్‌కు వీలున్న దశలో కనబడటమే అక్కడ కష్టం. నొప్పి లేకుండా వచ్చే కామెర్లు, యాభై దాటాక బరువు తగ్గుతూ కొత్తగా మొదలైన మధుమేహం, వెన్నులోకి పాకే పైకడుపు నొప్పి ఉంటే వైద్యులు క్లోమం వైపు చూస్తారు. ఇక కారణం తెలియకుండా మళ్లీ మళ్లీ క్లోమ వాపు వచ్చేవారి సంగతి. మామూలు స్కానింగుకు దొరకని రెండు మూడు మిల్లీమీటర్ల పిత్తాశయ రాళ్లు చాలామందిలో దీనితో బయటపడతాయి. రాయి దొరికితే పిత్తాశయం తీసేయడంతో సమస్య ముగుస్తుంది. దొరకకపోతే వెతకాల్సినవి ఇంకా ఉంటాయి, జన్యువులతో సహా. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో గిరిరాజ్ చందక్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం, మన దేశంలోని దీర్ఘకాలిక క్లోమ వాపు రోగుల్లో స్పింక్1 అనే జన్యువులోని మార్పుకు గట్టి సంబంధం ఉందని చూపింది. క్లోమం లోపలే ఎంజైములు చైతన్యం కాకుండా ఆపే తాళం లాంటి ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు అది.

బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా గడ్డ ఏమిటో బొమ్మ చెప్పదు. ఇక్కడే సూది వస్తుంది. మొదట్లో వచ్చిన గొట్టాల్లో ప్రోబ్ చుట్టూ వలయంలా చూసేది. సూది గొట్టం పొడవునా ముందుకు పోతుంది కాబట్టి ఆ బొమ్మలో ఒక చుక్కలా మాత్రమే కనిపించేది. గొట్టం పొడవు వెంట చూసే ప్రోబ్‌లు వచ్చాక సూది మొన గోడ దాటడం, గడ్డలో దిగడం మొత్తం తెర మీద కనబడసాగింది. డెన్మార్క్ వైద్యుడు పీటర్ విల్మన్ బృందం 1992లో ఈ విధంగా క్లోమం గడ్డ నుంచి కణాలు తీసినట్టు ప్రకటించింది. ఇప్పుడు ఎక్కువగా వాడే 22 గేజి సూది మందం 0.7 మిల్లీమీటర్లు. అది చేసిన రంధ్రం దానంతటదే మూసుకుపోతుంది.

మన దేశంలో ఈ సూదికి ఇంకో విలువ ఉంది. క్షయ కొన్నిసార్లు క్లోమంలోనో, దాని పక్క లింఫు గ్రంథుల్లోనో గడ్డ కట్టి, స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది. రోగనిరోధక వ్యవస్థ పొరపాటు వల్ల వచ్చే ఒక రకం క్లోమ వాపు కూడా అంతే. మొదటిది క్షయ మందులతో, రెండోది స్టిరాయిడ్లతో తగ్గుతుంది. కణాలు తీసి చూడకపోతే ఇలాంటి రోగికి క్లోమం తల, ఆంత్రమూలం, పిత్తాశయం కలిపి తీసేసే పెద్ద ఆపరేషన్ జరిగిపోయే ప్రమాదం ఉంది. ఉల్టా ప్రమాదమూ లేకపోలేదు. సూదికి క్యాన్సర్ కణాలు దొరకనంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు. అనుమానం బలంగా ఉంటే మళ్లీ తీయాల్సిందే.

చూడటంతో మొదలైన ఈయూఎస్ చికిత్సలోకి అడుగుపెట్టిన తీరే అన్నిటికంటే ఆసక్తికరం. తీవ్రమైన క్లోమ వాపులో జీర్ణరసాలు క్లోమాన్నే జీర్ణించుకోవడం మొదలుపెడతాయి. అటు పిత్తాశయ రాళ్లు, ఇటు మద్యం, ఈ రెండే దానికి ముఖ్య కారణాలు. కొందరిలో క్లోమంలో కొంత భాగం, చుట్టూ ఉన్న కొవ్వు చచ్చిపోయి, ద్రవంతోనూ ముద్దలతోనూ నిండిన సంచిలా తయారవుతుంది. దాని చుట్టూ గట్టి గోడ కట్టడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. లోపల చీము పడితే ప్రాణాంతకం. ఒకప్పుడు పొట్ట కోసి, చచ్చిన కణజాలాన్ని చేత్తో తీసేవారు. అప్పటికే నీరసించిన రోగి ఆ ఆపరేషన్‌ను తట్టుకోవడమే గగనం. నెదర్లాండ్స్ వైద్యులు 2010లో 88 మందిపై చేసిన అధ్యయనం ఈ అలవాటును మార్చింది. నేరుగా పొట్ట కోసిన వారిలో 69 శాతానికి పెద్ద చిక్కులో మరణమో ఎదురైతే, ముందు గొట్టంతో ద్రవం తీసి, తగ్గకపోతేనే చిన్న కోతతో ముందుకు వెళ్లిన వారిలో అది 40 శాతమే. రెండో వర్గంలో 35 శాతం మందికి ద్రవం తీయడంతోనే సరిపోయింది.

ఈ సంచి చాలాసార్లు జీర్ణాశయం వెనుక గోడను తోసుకుంటూ ఉంటుంది. అలాంటప్పుడు చర్మం నుంచి గొట్టం వేయడమెందుకు? ఈయూఎస్‌తో చూస్తూ, రక్తనాళాలు లేని చోట జీర్ణాశయం గోడకు రంధ్రం చేసి, రెండింటినీ కలిపే స్టెంట్ పెడితే చీము జీర్ణాశయంలోకే కారిపోతుంది. మొదట్లో సన్నని ప్లాస్టిక్ గొట్టాలు వాడేవారు. ద్రవం కారేది, ముద్దలు అడ్డుపడేవి. తర్వాత రెండు చివరలా అంచులు విచ్చుకున్న, దారపు రీలు ఆకారంలోని లోహపు స్టెంట్లు వచ్చాయి. ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున్న ఆ దారిలోంచి అవసరమైతే ఎండోస్కోప్‌నే సంచిలోకి పంపి శుభ్రం చేయవచ్చు.

ఈ విషయంలో హైదరాబాద్ అనుభవం ప్రపంచానికి పనికొచ్చింది. విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి హైదరాబాద్‌లో నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో, డాక్టర్ సందీప్ లఖ్టాకియా బృందం ఇలాంటి 205 మంది రోగుల ఫలితాలను 2017లో ప్రచురించింది. స్టెంట్ పెట్టడంతోనే దాదాపు మూడొంతుల మంది కోలుకున్నారు. మిగిలినవారిలో స్టెంట్‌లో పేరుకున్న చెత్త తీయడం, సంచిలో సన్నగొట్టం పెట్టి కడగడం వంటి చిన్న పనులతో చాలామందికి తగ్గింది. సంచిలోకి దిగి చచ్చిన కణజాలాన్ని లాగాల్సి వచ్చింది పదిమందిలో ఒకరికంటే తక్కువ. మెట్టు మెట్టుగా వెళ్లడమే మేలన్నది అక్కడి పాఠం. అయితే 2024లో అమెరికాలోని కేంద్రాలూ హైదరాబాద్ కేంద్రమూ కలిసి 70 మందిపై చేసిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. చీము పట్టినవారిలో స్టెంట్ పెట్టినరోజే కణజాలం కూడా తీసేస్తే, తర్వాత మళ్లీ చేయాల్సిన పనుల సంఖ్య తగ్గింది. రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. రోగులు ఒకే రకం కాదు, అంతే. ఏ రోగికి ఏ దారి అన్న చర్చ ఇంకా నడుస్తోంది.

ఎండోస్కోపీ దారి ఆపరేషన్ దారి కంటే అన్నిట్లోనూ మిన్న అనడమూ సరికాదు. 2018లో నెదర్లాండ్స్‌లోనే 98 మందిపై రెండింటినీ పోల్చారు. మరణాల్లోనూ పెద్ద చిక్కుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ క్లోమరసం చర్మం మీదికి కారుతూ నెలల తరబడి వేధించే స్థితి ఆపరేషన్ వర్గంలో 32 శాతం మందికి వస్తే, ఎండోస్కోపీ వర్గంలో 5 శాతానికే వచ్చింది. మరో అధ్యయనంలో తేలింది ఇంకా విశేషం. చీము పట్టినా తొందరపడకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చి ఆగినవారిలో 39 శాతం మందికి అసలు ఏ గొట్టమూ అవసరం రాలేదు. యంత్రం చేతిలో ఉన్నప్పుడు ఆగడం కష్టమే. కానీ ఆగడం కూడా చికిత్సే.

మిగతా ఉపయోగాలు క్లుప్తంగా. క్యాన్సర్ నొప్పి భరించలేనివారికి క్లోమం వెనుక ఉండే నాడీ జాలంలోకి ఈయూఎస్ సూదితోనే ఆల్కహాల్ ఎక్కించి నొప్పిని తగ్గిస్తారు. కణితి వల్ల పైత్యరస నాళం మూసుకుపోయి, మామూలు ఎండోస్కోపీ పద్ధతితో స్టెంట్ పెట్టలేకపోతే, జీర్ణాశయం నుంచో ఆంత్రమూలం నుంచో కొత్త దారి చేస్తారు.

ప్రమాదాలు తక్కువే కానీ ఉన్నాయి. సూది వేసినప్పుడు అరుదుగా రక్తస్రావం, క్లోమ వాపు, గొట్టం వల్ల ఆంత్రమూలానికి రంధ్రం పడటం వంటివి జరగవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు ముందే చెప్పాలి. ఇంతకుముందు జీర్ణాశయానికి ఆపరేషన్ అయినవారిలో గొట్టం కావలసిన చోటికి చేరకపోవచ్చు. కడుపునొప్పి వచ్చిన ప్రతివారికీ ఈ పరీక్ష అక్కర్లేదు. రక్తపరీక్ష, మామూలు స్కానింగు, సీటీ తర్వాత కూడా ప్రశ్న మిగిలితేనే ఈయూఎస్. ఆరోగ్యవంతులకు ముందుజాగ్రత్త పేరుతో చేసే పరీక్షా కాదు. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి క్లోమ క్యాన్సర్ వచ్చినప్పుడో, ఫలానా జన్యుమార్పులు ఉన్నప్పుడో మాత్రమే క్రమం తప్పకుండా చూడమంటారు. పైగా ఫలితం చూసే చేతిని బట్టి మారుతుంది. నలుపు తెలుపు ఛాయల్లో కనబడే ఆ బొమ్మను చదవడం నేర్చుకోవడానికి వందల పరీక్షల సాధన కావాలి. అందుకే ఈ సౌకర్యం ఇప్పటికీ ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంది.

లోహపు స్టెంట్ పెట్టించుకున్నవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. చీము పోయి సంచి ముడుచుకుపోతే, స్టెంట్ అవతలి అంచు దగ్గరలోని రక్తనాళాన్ని ఒరుసుకోవచ్చు. నొప్పి తగ్గింది కదా అని తిరిగి వెళ్లనివారిలో రక్తస్రావం జరిగే ముప్పు ఉంది. అందుకే సాధారణంగా మూడు నాలుగు వారాలకు సీటీ తీసి, సంచి మూసుకుపోయిందని చూసుకుని స్టెంట్ తీసేస్తారు. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాసి ఉందో లేదో ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే చూసుకోవాలి. ఊరు దూరమైతే రైలు టిక్కెట్టు కూడా అప్పుడే తీసుకోవడం మంచిది.