జంట టైర్లలో ఒకదానికి గాలి దిగితే?

ప్రశ్న: టెక్సాస్‌లో పాత మోటర్‌హోమ్ కొన్నాం. టైర్ల గాలి చూపే సెన్సర్లు విడిగా కొనాలా?

జవాబు: కొనాల్సిందే. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి తయారైన కార్లన్నిటికీ గాలి తగ్గితే చెప్పే హెచ్చరిక తప్పనిసరి. ఇరుసుకు జంట టైర్లున్న మోటర్‌హోమ్ లాంటి బండ్లకు మాత్రం ఆ నిబంధన లేదు. అసలు ప్రమాదం అక్కడే: జంటలో ఒకదానికి గాలి దిగితే బరువంతా రెండోదాని మీద పడుతుంది, స్టీరింగ్ పట్టుకున్నవారికి తేడా తెలియదు.

సెన్సర్లు వాల్వు మీద బిగించే రకమైతే ముందుగా లోహపు వాల్వులు వేయించుకోవాలి. రబ్బరు వాల్వు ఆ బరువుకు ఊగి ఊగి మొదలు దగ్గర పగులుతుంది. పొడవాటి బండికి సిగ్నల్ అందించే రిపీటర్ కూడా కావాలి.

పొద్దున్నే, బండి కదలకముందు గాలి సరిచూసి ఆ అంకెనే సెన్సర్లకు ఆధారంగా సెట్ చేయాలి. 80 పీఎస్‌ఐ పెట్టిన టైరు ఎండలో హైవే ఎక్కాక 90కి చేరడం మామూలే. కంగారుపడి గాలి తీసేయకూడదు.