బొమ్మల సినిమా తీయబోయే మా జిల్లా పిల్లలకు

"సారూ, మేమొక యానిమేషన్ షార్ట్‌ఫిల్మ్ తీద్దామనుకుంటున్నం, ఎక్కడ మొదలుపెట్టాలె?" అని అడిగే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊళ్ల నుంచీ వస్తున్నారు. కొందరు బీటెక్ చదువుతున్నారు. కొందరు హైదరాబాద్ స్టూడియోల్లో ఎవరి బొమ్మలకో రంగులు వేస్తున్నారు. ఫ్లెక్సీ షాపుల్లో డిజైనింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ని. నా దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్లలు చిన్న సినిమాలు తీస్తుంటే, కథ అనుకోవడం దగ్గర నుంచి తెర కట్టేదాకా వెంట ఉన్నాను. అలా తెలిసినవి వరసగా రాస్తున్నాను. వీటన్నిటి వెనకా ఒకటే నమ్మకం ఉంది. మన జిల్లాలో కూర్చుని తీసే బొమ్మల సినిమాకు మన జిల్లానే బలం, తీసేటప్పుడూ, చూపించేటప్పుడూ.

1. మూడు నిమిషాలకు మించని కథ ఎంచుకోండి

లెక్క చూడండి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు పోతాయి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. మూడు నిమిషాలంటే 2,160 బొమ్మలు. పది నిమిషాలంటే 7,200. కదలని చోట్లు, మళ్లీ మళ్లీ వాడుకునే నడకలు తీసేస్తే కొంత తగ్గుతుంది గానీ, ప్రతి బొమ్మకూ గీత శుభ్రం చేయాలి, రంగు వేయాలి, వెనక దృశ్యం గీయాలి. ఒక్కరో ఇద్దరో చేసే పని ఇది. మొదటి నిమిషం అద్భుతంగా చేసి, పరీక్షలొచ్చో ఉద్యోగమొచ్చో వదిలేసిన సినిమాలు మన పిల్లల హార్డ్ డిస్కుల్లో చాలా పడి ఉన్నాయి. నాకు వాటిని తలుచుకుంటే బాధ. పూర్తయిన మూడు నిమిషాల సినిమా ముందు, సగంలో ఆగిన గొప్ప సినిమా నిలవదు.

చిన్నది తీస్తే వృథా అనుకోకండి. లాత్వియా కుర్రాడు గింట్స్ జిల్బలోదిస్ 2012లో నీళ్లంటే భయపడే పిల్లి మీద 'ఆక్వా' అనే చిన్న సినిమా తీశాడు. తర్వాత 2019లో 'అవే' అనే పూర్తి నిడివి సినిమాను ఒంటిచేత్తో చేశాడు. 2024లో అదే పిల్లిని, అదే నీటి భయాన్ని పెద్ద కథగా పెంచి 'ఫ్లో' తీస్తే 2025లో ఆస్కార్ వచ్చింది. ఆ పిల్లిని అతను పన్నెండేళ్లు వదల్లేదు.

2. గీసే ముందు మనిషిని చూడండి

దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇక్కడే మన పిల్లలు తప్పిపోతున్నారు. జపాన్ కార్టూన్లు చూసి చూసి, మన ఊరి ముసలమ్మకు కూడా ఆ పెద్ద కళ్లే పెడుతున్నారు, ఆ పరుగే పెడుతున్నారు.

సీజన్లో మిర్యాలగూడ వెళ్లి ఏదైనా రైస్ మిల్లు ముందు సగం రోజు నిలబడండి. లారీకి బస్తాలు ఎక్కించే హమాలీని చూడండి. బస్తా వీపు మీదికి వచ్చిన క్షణంలో మోకాళ్లు ముందు వంగుతాయి, ఆ తర్వాతే నడుం సర్దుకుంటుంది. గడ్డం ఛాతీకి ఆనుతుంది, చూపు నేల మీదే ఉంటుంది. అడుగులు చిన్నవి, గబగబా పడతాయి, పాదం మొత్తం ఒకేసారి నేలకు తగులుతుంది. నేల మీది నుంచి లారీకి వేసిన చెక్క అతని బరువుకు కిందికి వంగి పైకి లేస్తుంది. ఆ లేచే ఊపును అందుకునే తర్వాతి అడుగు వేస్తాడు. దించేసి తిరిగొచ్చేటప్పుడు కూడా మొదటి రెండు మూడు అడుగులు వీపు వంగే ఉంటుంది, బరువు పోయిన సంగతి ఒంటికి ఇంకా తెలియనట్టు.

ఇప్పుడు దీన్ని కాగితం మీదికి తేవాలి. రెండడుగుల నడకకు 12 బొమ్మలు చాలు. కానీ బస్తా మనిషితో కలిసి కదలకూడదు. మనిషి కిందికి దిగిన ఒకటి రెండు బొమ్మల తర్వాత బస్తా దిగాలి, అప్పుడే అందులో బరువున్నట్టు కనిపిస్తుంది. పుస్తకాల్లో ఈ సూత్రం ఉంటుంది. అయితే ఆ చెక్క ఊపు ఏ పుస్తకంలోనూ ఉండదు, మిల్లు దగ్గరే ఉంటుంది. ఫోన్లో వీడియో తీసుకోండి, అడిగి తీసుకోండి. వీడియోతో పాటు అక్కడే నిలబడి పెన్సిల్‌తో పది గీతలు గీయండి. వీడియో అన్నీ చూపిస్తుంది. ఏది ముఖ్యమో తేల్చేది మీ చెయ్యే.

3. స్టోరీబోర్డు నేర్చుకోవాలంటే ఫణిగిరి శిల్పాలు చూడండి

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి ఉంది. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన తోరణాల మీద బుద్ధుడి జీవిత ఘట్టాలు వరసగా చెక్కారు, ఇంచుమించు పదిహేడు వందల ఏళ్ల నాడు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి భారతీయ బౌద్ధ శిల్పాలతో పెట్టిన ప్రదర్శనకు అక్కడి శిల్పాలు వెళ్లాయి. ప్రపంచం వరసలో నిలబడి చూసిన ఆ పనిని పక్కనే ఉండి చూడని పిల్లలు మన దగ్గర ఎందరో.

ఏం చూడాలంటే: శిల్పి ఏ క్షణాన్ని పట్టుకున్నాడు, ఏది వదిలేశాడు, గుంపులో ముఖ్యుడి మీదికి మన చూపు ఎలా వెళ్తోంది. కొలతలున్న ఒక్క రాయి మీద కథ చెప్పాలి కాబట్టి అతను అనవసరమైనది ఒక్కటీ చెక్కలేదు. మీ స్టోరీబోర్డులో, అంటే కథను గడుల్లో వరసగా గీసుకున్న బొమ్మల్లో కూడా, ఒక గడి తీసేస్తే కథ అర్థమవుతుందా అని ప్రతి గడి దగ్గరా ఆగి చూడండి. అర్థమైతే తీసేయండి. అక్కడ కొట్టేసిన గడి ఒక్కటి మీకు వారం రోజుల పని మిగుల్చుతుంది.

మన దేశంలో యానిమేషన్ చదువు కూడా ఇలాంటి కథతోనే మొదలైంది. 1956లో డిస్నీ నుంచి క్లెయిర్ వీక్స్ అనే ఆయన బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మనవాళ్లకు పని నేర్పాడు. మరుసటి ఏడు బయటికొచ్చిన 'ది బనియన్ డీర్' జాతక కథే.

4. బొమ్మ కన్నా ముందు చప్పుడు సిద్ధం చేసుకోండి

స్టోరీబోర్డు గడులను వరసగా పేర్చి, మాటలూ చప్పుళ్లూ కలిపి ముందు ఒక ముతక వీడియో చేసుకోవాలి. దాన్ని యానిమాటిక్ అంటారు. అది చూసి ఇంట్లో అవ్వకు కథ అర్థమైతేనే గీయడం మొదలుపెట్టండి.

చప్పుళ్లు ఇంటర్నెట్ నుంచి దింపుకోకండి. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి మన హైవే పక్కనే జరుగుతుంది. భేరీలు, గజ్జెల లాగులు, "ఓ లింగా" అని లేచే గొంతులు, ఇవి ఏ సౌండ్ లైబ్రరీలోనూ లేవు. గుంపు మధ్యలో నిలబడి ఒకసారి, గట్టు దిగి దూరం నుంచి ఒకసారి రికార్డు చేయండి. రెండూ రెండు రకాల అనుభవాలు. మిల్లు మోత, సాగర్ ఎడమ కాలువ తూములో నీళ్ల హోరు కూడా అంతే.

మాటలు కూడా మన మనుషులే చెప్పాలి. సూర్యాపేట యాస వేరు, ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడలో పలుకు వేరు. పాత్ర ఏ ఊరిదో ఆ ఊరి గొంతు వెతకండి. డబ్బింగ్ థియేటర్ అక్కర్లేదు. రాత్రి పూట ఫ్యాను ఆపి, గదిలో చుట్టూ దుప్పట్లు వేలాడదీస్తే ప్రతిధ్వని పోతుంది.

5. సాఫ్ట్‌వేర్ కోసం అప్పు చేయకండి

బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూన్జ్ మూడూ ఉచితం. 'ఫ్లో' సినిమా బ్లెండర్‌లోనే చేశారు. దొంగ కాపీల జోలికి పోవద్దు, రేపు సినిమా అమ్మాల్సి వచ్చినప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది. డబ్బుంటే ఒక గీసే టాబ్లెట్, రెండో హార్డ్ డిస్కు కొనండి. సినిమా ఫైళ్లు రెండు ఇళ్లల్లో ఉండాలి.

6. పాటకు సంతకం కావాలి

సినిమా పాట వాడితే యూట్యూబ్ ఆపేయవచ్చు, చలనచిత్రోత్సవాలవాళ్లు తిప్పి పంపేస్తారు. జానపదమైతే ఎవరిదీ కాదు కదా అంటారు. పాట అందరిదే కావచ్చు, పాడిన గొంతు మాత్రం ఆ మనిషిది. ఒగ్గు కళాకారుడి చేత పాడించుకుంటే ముందు డబ్బులివ్వండి, ఎక్కడెక్కడ వాడతారో కాగితం మీద రాసి చదివి వినిపించండి, ఆయన పేరు తెర మీద పెద్ద అక్షరాల్లో వేయండి. కళాకారుల దగ్గర ఊరికే తీసుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. మీ తరం దాన్ని మానాలి.

7. మొదటి ఆట మన ఊళ్లోనే వేయండి

పూర్తయిన రోజు రాత్రే యూట్యూబ్‌లో పెట్టి, అందరికీ లింకు పంపి, మూడు రోజుల్లో చప్పబడిపోయే పిల్లల్ని చూశాను. సినిమాను మనుషుల ముందుకు తీసుకెళ్లాలి. మన పాతవాళ్లు అదే చేశారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని చుట్టుకుని కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగేవాళ్లు. కాకిపడగలవాళ్లు ముదిరాజుల ఇళ్ల ముందు, కూనపులివాళ్లు పద్మశాలీల దగ్గర పటం విప్పేవాళ్లు. ఏ పటం ఎవరి కోసమో గీసే రోజునే తెలుసు. మీ సినిమా ఎవరి కోసమో మీకూ అలాగే తెలియాలి. హమాలీ కథ తీస్తే మొదటి ఆట మిల్లు దగ్గర, పని దిగాక. గొర్రెల కాపరి కథైతే పెద్దగట్టు జాతర రోజుల్లో. పిల్లల కథైతే బళ్లో, హెడ్మాస్టరు గారిని అడిగి, శనివారం మధ్యాహ్నం.

అద్దె ప్రొజెక్టర్, తెల్ల బట్ట, మంచి స్పీకరు చాలు. స్పీకరు విషయంలో పిసినారితనం వద్దు. బొమ్మ కాస్త మసకైనా క్షమిస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. మీరు మాత్రం తెర వైపు చూడొద్దు. తెర పక్కన నిలబడి జనం మొహాలు చూడండి. ఏ సెకను దగ్గర పిల్లలు పక్కవాడి వైపు తిరిగారో రాసుకోండి, అక్కడ కథ జారింది. కోదాడలో ఒక బళ్లో వేసినప్పుడు, మేము నవ్వుతారనుకున్న చోట ఎవరూ నవ్వలేదు. మేక గోడ మీది పోస్టర్ నమిలే చోట హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో తర్వాతి మాట కొట్టుకుపోయింది. అందుకని ఆ మేకను ఇంకో సెకనున్నర నమలనిచ్చాము. ఆ సెకనున్నర ఏ స్టూడియోలో కూర్చున్నా తెలిసేది కాదు.

సూర్యాపేటలో ఒకసారి, కోదాడలో ఒకసారి, మిర్యాలగూడలో ఒకసారి వేసి, మార్చాల్సినవి మార్చాక అసలు కాపీ తీయండి. విలేకర్లను కూడా ఆ ఆటలకే పిలవండి. జిల్లా పేజీలో వచ్చే చిన్న వార్త, బళ్లో పిల్లలు తెర ముందు కూర్చున్న ఫోటోతో కలిసి, వందల వాట్సాప్ ఫార్వర్డుల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

8. ఆ తర్వాతే పండగలకు, అన్నిటికన్నా చివర యూట్యూబ్‌కు

చాలా చలనచిత్రోత్సవాలు అప్పటికే ఇంటర్నెట్‌లో ఉన్న సినిమాను తీసుకోవు. అందుకే ఈ వరస. ముంబై అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1990 నుంచి రెండేళ్లకోసారి జరుగుతోంది, డాక్యుమెంటరీ, షార్ట్, యానిమేషన్ సినిమాల కోసమే పెట్టింది. ఫ్రాన్సులోని అనెసీ 1960 నుంచి బొమ్మల సినిమాలకు పెద్ద తిరునాళ్లు. గీతాంజలి రావు తానే గీసిన 'ప్రింటెడ్ రెయిన్‌బో' 2006లో కేన్స్ క్రిటిక్స్ వీక్‌లో అవార్డులు తెచ్చింది. జాతీయ అవార్డులకు పంపాలంటే మాత్రం, ఏ ఏడాది అవార్డుకో ఆ ఏడాదిలోపు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. చిన్న సినిమాకు సెన్సార్ ఎందుకులే అని వదిలేసి, తర్వాత తలపట్టుకునేవాళ్లే ఎక్కువ. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మీకు తెలిసిన ఇంగ్లిష్ టీచరుతో ఒకసారి దిద్దించండి.

ఇంకో హెచ్చరిక. నెలనెలా అవార్డులు పంచే ఆన్‌లైన్ పండగలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఫీజు కట్టించుకుంటారు, మెయిల్లో అవార్డు గుర్తుగా ఒక ఆకుల బొమ్మ పంపిస్తారు. హాలు లేదు, ప్రేక్షకుడు లేడు. ఆ డబ్బులతో నాలుగు ఊళ్లలో ఆటలు వేయవచ్చు. నిజమైన అవార్డు కూడా జనాన్ని తేలేదు. తెలుగు యానిమేషన్ సినిమా 'కిట్టు'కు 2006 సంవత్సరానికి జాతీయ అవార్డు వచ్చింది. ఇవాళ మన బళ్లలో పిల్లలకు ఆ పేరు తెలియదు, ఛోటా భీమ్ తెలుసు. తేడా ఒక్కటే, భీమ్ రోజూ వాళ్ల ఇంటికి వచ్చాడు.

9. ఇది అమ్మానాన్నలకు

మీ అబ్బాయో అమ్మాయో రాత్రిళ్లు మేలుకుని బొమ్మలు గీస్తుంటే, ఫోనుతో ఆడుతున్నారని తిట్టకండి. ఛోటా భీమ్‌ను పుట్టించిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్‌లోనే 2001లో మొదలైంది. భీమ్ టీవీలోకి వచ్చింది 2008లో. మధ్యలో ఏడేళ్లు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగానికని ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఇంటర్వ్యూ చేసేవాళ్లు సర్టిఫికెట్ కన్నా ముందు అడిగేది, సొంతంగా పూర్తి చేసిన పని ఏదైనా ఉంటే చూపించమని. వాళ్లకు ఒక టేబులు, తలుపు వేసుకునే ఒక మూల, ఏడాది సమయం ఇవ్వండి. ఆట వేసే రోజు పనులు మానుకుని వచ్చి ముందు వరసలో కూర్చోండి.