గినీ పిగ్ మేత మానేస్తే ఆగొద్దు

ప్రశ్న: మా పాప పెంచుకుంటున్న గినీ పిగ్ నిన్న సాయంత్రం నుంచి మేత ముట్టడం లేదు. బొచ్చు నిక్కబొడుచుకుని మూలన ముడుచుకుంటోంది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు వేయొచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దమ్మా, ఒక్క చుక్క కూడా వేయకండి. ఇలాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, ప్రాణం మీదికొస్తుంది. ఈ జవాబు చదవడం ఆపి అయినా సరే, ముందు పశువైద్యుల దగ్గరికి బయల్దేరండి. కుందేళ్లు, గినీ పిగ్‌లు చూసిన అనుభవం ఉన్నవారైతే మరీ మంచిది.

గినీ పిగ్ పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. మేత ఆగితే అవీ ఆగిపోతాయి. పైగా వేటకు బలయ్యే జాతి కదా, జబ్బును దాచుకుంటుంది. మనకు తెలిసేసరికే ముదిరి ఉంటుంది. పెంటికలు చిన్నవయ్యాయా, చొంగ కారుతోందా, ఊపిరికి ఎగబీలుస్తోందా చూసి డాక్టరుకు చెప్పండి. చొంగ ఉంటే పెరిగిపోయిన పళ్లను అనుమానించాలి. గినీ పిగ్ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే బలవంతంగా ఏమీ తినిపించవద్దు.

కోలుకున్నాక వారానికోసారి వంటింటి కాటా మీద తూచి రాసిపెట్టుకోండి. బరువు తగ్గడం అన్నిటికన్నా ముందే కనిపించే గుర్తు. మనలాగే దీని ఒంట్లోనూ విటమిన్ సి తయారుకాదు. అది లోపిస్తే కీళ్లు వాచి కుంటుతుంది. ఎండుగడ్డి ఎప్పుడూ ఉంచి, రోజూ కాస్త క్యాప్సికమ్, కొత్తిమీర, అప్పుడప్పుడు చిన్న జామముక్క పెట్టండి. మీ ఊరి ఎండలకు వడదెబ్బ భయం కూడా ఉంది, బోను చల్లని గదిలోకి మార్చండి.