మధుమేహమును ఎముకల బలమును

పర్చూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో నాలుగు చినుకులు పడగానే గట్లు జారుట మన రైతులందరు నెరిగినదే. జారిపడినవాడు సామాన్యముగ బురద కడుగుకొని లేచును. కాని చిరకాలము మధుమేహముతో నున్న పెద్దవాడు పడినచో తుంటియెముక విరుగు భయము హెచ్చు. అది విరిగినవాడు నెలల తరబడి మంచము పట్టవచ్చును. ప్రత్తితీత, మిరపకోత పరులపాలగును. సంఘపు బాకీ వాయిదా తప్పును. కావున నీ విషయమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

నడివయస్సున వచ్చు మధుమేహమును రెండవరకమని వైద్యులందురు. ఈ వ్యాధిగలవారి యెముకల సాంద్రతను యంత్రముతో కొలిచిన, అది తక్కువగా నుండకపోవచ్చును. ఒక్కొకప్పుడు అధికముగ గూడ నుండును. అయినను విరుగుట యెక్కువ. హాలండులోని రాటర్‌డాం నగరమున 4,000 మందికి పైగా పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితము లిట్లే యున్నవి. చక్కెర అదుపులో లేనివారికే యచ్చట అపాయము హెచ్చెను.

ఇది యెట్లు? మట్టిగోడకు యేటేట పాతపూత గీకి క్రొత్తమెత్తు పెట్టినగాని నిలువదు. ఎముకయు నట్లే, అరిగినభాగము తొలగి క్రొత్తది యేర్పడుచుండవలెను. మధుమేహమున నీ మరమ్మతు మందగించును. మరియు రక్తమందలి చక్కెర యెముకలోని నారను పట్టుకొని, యెండిన పగ్గమువలె పెళుసు చేయును. గోడ మందముగనే కనబడును. లోన పట్టు తప్పును.

ఈ మరమ్మతు జాడలు రక్తములో దొరకును. ఎముక కట్టు కణములు విడుచు ఆస్టియోకాల్సిన్ అను హార్మోను ఈ రోగులలో తరచు తగ్గియుండును. కట్టుబడి నాపు స్క్లెరోస్టిన్ అను పదార్థము హెచ్చియుండును. మెడలోని చిన్నగ్రంథుల నుండి పుట్టు పారాథైరాయిడు హార్మోను కొందరిలో తగ్గును. కాని వీనిలో నేదియు ఫలానివాని యెముక విరుగునని తానై నిశ్చయింపజాలదు. కావున వీనికై ధనము వెచ్చించుటకు ముందు, మూడునెలల చక్కెర సగటును తెలుపు హెచ్‌బిఎవన్‌సి పరీక్షను తప్పక చేయించుకొనవలెను.

ఎండలో పనిచేయువారికి డి విటమిను లోపముండదని తలచుట పొరపాటు. తిరుపతి వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో పల్లెవాసులలో గూడ ఆ లోపము కానవచ్చెను. భోజనమున సున్నపుధాతువును చాలకుండెను. మజ్జిగ, నువ్వులు, మునగాకు, మితముగ రాగులు వాడుట మేలు.

సభ్యులకు మా మనవి: మందు వేసికొని కడుపు మాడ్చుకొని చేనికి పోవలదు. చెమటలు, వణకు పుట్టినచో వెంటనే బెల్లముముక్క నోట వేసికొని కూర్చుండవలెను. పాదములు తిమ్మిరెక్కినవారు చెప్పులు లేక గట్టుమీద నడువరాదు. రాత్రి దీపము లేక దొడ్డికి పోరాదు. ఏటేట కన్నులు చూపించుకొనవలెను. పయోగ్లిటజోన్ అను మందు వాడు స్త్రీలలో నెముకలు విరుగుట హెచ్చునని తేలినది. వాడువారు తమంతట మానక వైద్యునితో చెప్పవలెను.

చేను ఒక పంట పోయిన మరల పండును. తుంటి విరిగిన పెద్దవారిలో పలువురు మునుపటివలె నడువజాలరు. పడకమునుపే జాగ్రత్త వహింపుడు.